పరభాషా నుడికారము

తెలుగునాట అతిథి సెలవు పుచ్చుకొనునపుడు "పోయి వచ్చెదను" అనును. ఉత్త "పోయెదను" అనుట అశుభమని పెద్దల తలంపు. ఆ మాట విని గృహిణి ఆతనికొఱకు మరల ఎసరు పెట్టదు. యజమాని వీధితలుపు తెఱచియుంచి కూర్చుండడు. అతిథి ఆ దినమున తిరిగి రాడని ఇంటిల్లిపాదికిని తెలియును. ఇంట బియ్యము అయిపోయినపుడు ఇల్లాలు "బియ్యము నిండుకొన్నవి" అనును. బియ్యపు కుండ నిండియున్నదని ఆ ఇంటి పసిబిడ్డయైనను భ్రమపడడు. దీపము ఆరిపోయినచో "దీపము కొండెక్కినది" అందురు. అది ఏ కొండ యని అడుగువారుండరు.

తెలుగు నిఘంటువును చేతబట్టి ఈ భాషను నేర్చుకొనుచున్న పరదేశి యొకడు ఈ మూడు మాటలను వినెననుకొనుడు. మొదటి మాటకు ఆతడు అతిథి రాకకై ఎదురుచూచును. రెండవ మాటకు ఆ ఇంట ధాన్యమునకు కొదువ లేదని సంతసించును. మూడవ మాటకు కిటికీలో నుండి కొండవైపు తొంగిచూచును. ఆతడు చదివిన వ్యాకరణమున తప్పు లేదు. నిఘంటువున తప్పు లేదు. ఆతని తెలివికిని కొఱత లేదు. పదములన్నియు తెలిసియు భావము తెలియకపోవుటకు కారణము వేఱు. ఆ పదముల వెనుక నున్న నుడికారము ఆతనికి తెలియదు.

నుడికారమనగా ఒక జాతి నాలుకపై తరతరములుగా పండిన పలుకుబడి. పదములు విడివిడిగా నున్నపుడు వాని అర్థము వేఱు. అవి ఒక్కచోట కూడి వాడుకలో స్థిరపడినపుడు పుట్టు అర్థము వేఱు. పసుపును సున్నమును కలిపినచో పారాణి యెఱుపు పుట్టును. ఆ యెఱుపు పసుపునను లేదు, సున్నమునను లేదు. రెంటిని విడదీసి యెంత వెదకినను అది దొరకదు. నుడికారపు అర్థమును గూడ పదములను విడదీసి వెదకువారికి దొరకదు.

ఇంగ్లీషు చదివిన తెలుగు విద్యార్థికి ఈ చిక్కే ఆవలివైపు నుండి ఎదురగును. పైచదువునకై ఇంగ్లండు చేరిన యువకుని స్థితిని ఊహించి చూడవచ్చును. ఉదయమున తోడి విద్యార్థి ఎదురుపడి "ఆల్ రైట్?" అని పలుకరించును. తన ముఖమున ఏదో నలత కనబడెనేమో యని యువకుడు కలతపడును. రాత్రి నిద్ర పట్టకపోవుటయు, క్రొత్త తిండి వంటబట్టకపోవుటయు ఏకరువు పెట్టుటకు మొదలిడును. అప్పటికి ఆ తోడివాడు పదియడుగులు ముందునకు సాగియుండును. తెలుగు పల్లెలో దారినపోవువాడు "భోజనమైనదా?" యని అడుగును. లేదన్నచో తన ఇంట విస్తరి వేయుటకా ఆతడట్లు అడుగుట? అది పలుకరింపు మాత్రమే. ఇంగ్లీషువాని మాటయు అట్టిదే.

సాయంకాలమున వేఱొక మిత్రుడు "సీ యూ లేటర్" అని చెప్పి పోవును. యువకుడు ఆతని రాకకై గది తలుపు తెఱచి, పుస్తకము మూసి కూర్చుండును. రాత్రి గడచినను ఆ మిత్రుడు రాడు. "వచ్చెదనని చెప్పి రానివాడు, ఈ దేశస్థుల మాటకు విలువ లేదు" అని యువకుడు మనసున నొచ్చుకొనును. నిజమునకు అచట మాట తప్పినవాడెవ్వడును లేడు. "పోయి వచ్చెదను" అని సెలవు తీసికొన్న తెలుగు అతిథికిని ఆ మిత్రునికిని భేదము లేదు.

ఈ ఉదాహరణము నవ్వు పుట్టించునదే. కాని దీనియందలి హాని చిన్నది కాదు. పదము తెలియనపుడు విద్యార్థి తనకు తెలియదని ఎఱుగును, నిఘంటువును తెఱచును. నుడికారము తెలియనపుడు తనకు తెలిసినదనియే తలంచును. ఏలయనగా అందలి పదములన్నియు ఆతడు చిన్నతరగతులలో చదివినవే. తప్పు తన అవగాహనలో నున్నదని తోచక, ఎదుటివాని గుణముననే తప్పు వెదకును. ఒక మాటను అపార్థము చేసికొనుట అంతటితో ఆగక, ఒక మనిషిని అపార్థము చేసికొనుటగా మాఱును.

ఇంగ్లీషువారి నిత్యసంభాషణమున ఇట్టి పలుకుబళ్లు లెక్కకు మిక్కిలిగా దొరలుచుండును. వానిలో కొన్ని తెలుగు నుడికారములకు చుట్టములవలె కనబడును. మిక్కిలి సులభమైన పనిని వారు "పీస్ ఆఫ్ కేక్" అందురు. అనగా కేకుముక్క తినుట వంటిదని భావము. తెలుగువారు దానినే "నల్లేరుపై బండి నడక" అందురు. అనుభవశాలికి తెలిసినదానినే ఆతనికి బోధింపబోవువానిని చూచి ఇంగ్లీషువారు "అవ్వకు గ్రుడ్డు పీల్చుట నేర్పుచున్నాడు" అను అర్థముగల మాటను వాడుదురు. తెలుగువారు "తాతకు దగ్గులు నేర్పినట్లు" అందురు. అచట అవ్వ, ఇచట తాత. అచట గ్రుడ్డు, ఇచట దగ్గు. రెండు దేశములలోను ఇంటి పెద్దలను చూచి చిఱునవ్వు నవ్విన బుద్ధి మాత్రమొక్కటే.

మఱికొన్ని పోలిక చూపియు మోసపుచ్చును. ఎన్ని చెప్పినను అంటని మాటలను ఇంగ్లీషువారు "బాతు వీపుపై నీరు" అందురు. తెలుగున "దున్నపోతుపై వాన" అను పలుకుబడి కలదు. రెండింటను జంతువు కలదు, నీరు కలదు. కాని దున్నపోతు మాటయందు నింద యున్నది. బుద్ధి చెప్పినను తలకెక్కనివానికే అది తగును. బాతు మాటయందు నింద యుండవలెనను నియమము లేదు. పరుల దూషణమును లెక్కచేయని ధీరుని మెచ్చుకొనుటకును దానిని వాడవచ్చును. అట్టి మెచ్చుకోలు విన్న తెలుగువాడు తనను దున్నపోతనిరని కోపించినచో స్నేహము చెడును.

శరీరావయవములతో కూడిన మాటలును ఇట్టివే. తెలుగున కాళ్లు పట్టుకొనుటయనగా ప్రాధేయపడుట. ఇంగ్లీషున కాలు లాగుట, అనగా "పుల్లింగ్ యువర్ లెగ్" అనునది, వేళాకోళము చేయుట. నాటకశాలలో రంగస్థలమునకు పోవుచున్న నటునితో ఇంగ్లీషువారు "బ్రేక్ ఎ లెగ్" అందురు. కాలు విఱుగగొట్టుకొమ్మని శాపమిచ్చినట్లు వినబడును. కాని అది శుభాకాంక్ష. లేని బియ్యమును "నిండుకొన్నవి" అను తెలుగువారికి ఈ విడ్డూరము క్రొత్త కారాదు. శుభమును కోరి అశుభపు మాట పలుకుటయు, అశుభమును దాచి శుభపు మాట పలుకుటయు ఒకే నాణెమునకు రెండు ముఖములు.

ఈ పలుకుబళ్లు ఎచటనుండి పుట్టినవని విచారించినచో ఆ జాతి జీవితమే కన్నులకు కట్టును. లోగన్ పియర్సల్ స్మిత్ అను రచయిత 1925వ సంవత్సరమున "వర్డ్స్ అండ్ ఇడియమ్స్" అను గ్రంథమును ప్రకటించెను. సముద్రయానము, వేట, వంట, వ్యవసాయము మొదలగు వృత్తులనుండి ఇంగ్లీషు నుడికారములు ఎట్లు పుట్టినవో ఆతడందు చూపెను. బ్రిటన్ ద్వీపము; ఆ జనులు శతాబ్దములు ఓడలపై బ్రతికినవారు. తెరచాప ఓడలో వందలకొలది త్రాళ్లుండును. ఏ త్రాడు దేనికో ఎఱిగినవాడే నావికుడు. కావున ఏ పనియందైనను ఆనుపానులెఱిగినవానిని నేటికిని "త్రాళ్లు తెలిసినవాడు" అందురు. అడ్డంకి లేక సాగు పనిని "ప్లెయిన్ సెయిలింగ్" అందురు. నేలను నమ్ముకొన్న తెలుగువారు ఆ భావమునే బండికిని నల్లేరునకును ముడిపెట్టిరి. సముద్రమును నమ్ముకొన్నవారు ఓడకు ముడిపెట్టిరి.

ఆటలును నుడికారమునకు గనులే. న్యాయము కాని పనిని చూచి ఇంగ్లీషువారు "అది క్రికెట్ కాదు" అందురు.  క్రికెట్ చూచి పెరిగిన తెలుగు బాలునికి ఈ మాట భావము కొంత దానంతట అదియే తట్టును. కాని అమెరికావారి ఆట బేస్‌బాల్. ఉజ్జాయింపు లెక్కను వారు "బాల్‌పార్క్ ఫిగర్" అందురు. బాల్‌పార్క్ అనగా ఆ ఆట ఆడు మైదానము. హైదరాబాదులోని కార్యాలయమున కూర్చుండి అమెరికాలోని వర్తకునితో ఫోనులో మాటలాడు తెలుగు ఉద్యోగి ఈ మాట వినునపుడు, ఆ ఆటను ఎన్నడును చూడనివాడైనచో, లెక్క అడుగుచున్నవాడు మైదానము సంగతి ఏల ఎత్తెనని విస్తుపోవును. "లెక్క సరిగా నుండనక్కఱలేదు, సుమారుగా చెప్పిన చాలు" అని ఎదుటివాడు పని తగ్గించెను. అది గ్రహింపని యుద్యోగి పైసతో సహా లెక్క తేల్చుటకు రాత్రియంతయు మేల్కొనును.

నుడికారమనగా బొమ్మ గీసినట్లుండు మాటలు మాత్రమే కావు. మాటను పెంచి చెప్పుట, తగ్గించి చెప్పుట గూడ నుడికారములోని భాగమే. బ్రిటిషువారికి తగ్గించి చెప్పుట అలవాటు. ఉపాధ్యాయుడు విద్యార్థి వ్రాసిన వ్యాసమును చదివి "నాట్ బ్యాడ్" అన్నచో "చెడ్డగా లేదు" అని విద్యార్థి దిగులుపడనక్కఱలేదు. తఱచుగా అది మెచ్చుకోలే. తెలుగున మితభాషియైన తండ్రి కుమారుని పనిని చూచి "ఫరవాలేదు" అన్నపుడు కుమారుడు లోలోన పొంగిపోవుట లేదా? అదియు అంతే.

ఈ తగ్గింపు మాట ప్రాణములమీదికి వచ్చిన సందర్భమొకటి చరిత్రలో చెప్పబడుచున్నది. 1951వ సంవత్సరము ఏప్రిల్ నెలలో కొరియా దేశమున ఇమ్జిన్ నదివద్ద ఘోరయుద్ధము జరిగెను. ఐక్యరాజ్యసమితి పక్షమున అచట పోరాడుచున్న బ్రిటిషు సేనలు అమెరికా సేనాపతి ఆజ్ఞకు లోబడియుండెను. చైనా సేనలు వెల్లువవలె వచ్చి పడినవి. గ్లోస్టర్‌షైర్ దళమువారు శత్రువుల నడుమ చిక్కుకొనుచుండిరి. అట్టి సమయమున బ్రిటిషు సేనాని తనపై నున్న అమెరికా సేనాపతికి స్థితిని తెలుపుచు "ఎ బిట్ స్టికీ" అని మాత్రము చెప్పెనని ఆ యుద్ధమును గూర్చి చెప్పువారు నేటికిని తలంచుకొందురు. "కొంచెము జిగటగా నున్నది" అని దాని పదార్థము. బ్రిటిషువాని నోట ఆ సమయమున ఆ మాటకు "మహాప్రమాదము ముంచుకొని వచ్చినది" అని భావము. అమెరికావాడు దానిని "కొంత కష్టముగా నున్నది, ఐనను నిలువగలము" అని గ్రహించెనట. ఆ దళములో కొలదిమంది మాత్రమే తప్పించుకొని బయటపడిరి. వందలకొలది సైనికులు బందీలైరి. అంతటి విపత్తునకు ఒక్క మాటయే కారణమనుట న్యాయము కాదు, యుద్ధమున కారణములనేకముండును. ఐనను ఆ కథ ఇన్నేండ్లుగా నిలిచియుండుట వ్యర్థము కాదు. మాటాడినవాడును విన్నవాడును ఇంగ్లీషువ్రాతలో ప్రవీణులే. ఇరువురికిని పుట్టుకతో వచ్చిన భాష ఇంగ్లీషే. ఐనను ఒకరి పలుకుబడి వేఱొకరికి అందలేదు.

ఇట్టిదే మఱియొకటి విన్‌స్టన్ చర్చిల్ తాను వ్రాసిన రెండవ ప్రపంచ యుద్ధ చరిత్రయందు, 1950లో వెలువడిన మూడవ సంపుటమున, చెప్పియున్నాడు. బ్రిటిషు సేనాధికారులు ఒక పత్రమును వెంటనే చర్చింపవలెనని తలంచి, దానిని "టేబుల్" చేయుదుమని అమెరికావారితో అనిరి. బ్రిటన్‌లో ఆ మాటకు సభ ముందుంచుట అని అర్థము. అమెరికాలో ప్రక్కన బెట్టి మఱచుట అని అర్థము. అమెరికావారు అట్లు కూడదనిరి. ఇరుపక్షములును చాలసేపు వాదులాడిన పిదప, తామందఱు కోరుచున్నది ఒక్కటేయని తెలిసికొనిరి. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికే ఇట్టి గతి పట్టినపుడు, దానిని పాఠశాలలో నేర్చిన తెలుగు విద్యార్థి నుడికారము తెలియలేదని సిగ్గుపడుట ఏల?

ఈ సిగ్గే ఈ విషయమున అసలు శత్రువు. తెలియని మాట విన్నపుడు పలువురు చేయు పని తల యూపుట. ఎదుటివాడు నవ్వినచో తామును నవ్వుట, ఎదుటివాడు గంభీరుడైనచో తామును గంభీరులగుట. అడిగినచో తమ ఇంగ్లీషు తక్కువదని తేలిపోవునని భయము. తల యూపుట వలన ఆ క్షణము గడచును. కాని తెలియనితనము అట్లే నిలుచును. అది పరులకు హాని చేయు వృత్తులు గూడ కలవు.

బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 1948వ సంవత్సరమున ఏర్పడినది. భారతదేశమున చదివిన వైద్యులు అనేకులు దానియందు పనిచేయుచు వచ్చిరి. వారిలో తెలుగువారును కలరు. అట్టి వైద్యశాలలో క్రొత్తగా చేరిన తెలుగు వైద్యురాలి యొద్దకు ఒక వృద్ధురాలు వచ్చి, "కొన్ని దినములుగా అండర్ ది వెదర్ గా నున్నాను, స్పెండ్ ఎ పెన్నీ అగుటయు కష్టముగా నున్నది" అని విన్నవించుకొనెననుకొనుడు. మొదటి మాటకు వాతావరణముతో పని లేదు. ఒంట్లో నలతగా నున్నదని భావము. రెండవ మాటకు డబ్బుతో పని లేదు. ఒకప్పుడు అచటి బహిరంగ మూత్రశాలలలో లోనికి పోవుటకు ఒక పెన్నీ నాణెము వేయవలసియుండెను. ఆ కాలము గతించినను, లఘుశంకకు పోవుటను మర్యాదగా చెప్పుటకు ఆ మాట పెద్దల వాడుకలో నిలిచినది. తెలుగు ముదుసలి "పెరటికి పోవలెను" అన్నట్లే యిది. వైద్యురాలు తల యూపి ఊరకున్నచో రోగలక్షణమే మఱుగున పడును. "అమ్మా, ఆ మాటకు అర్థమేమి?" అని అడిగినచో నష్టమేమియు లేదు, వృద్ధురాలు చిఱునవ్వుతో విడమరచి చెప్పును. అడుగుట వలన పోవునది కొంచెము బింకము. అడుగకపోవుట వలన పోవునది రోగి ఆరోగ్యము.

నుడికారమును గూర్చి లోకమున రెండు దురభిప్రాయములు కలవు. అవి మాటకు నగలవంటివి, నగలు లేకున్నను బ్రతుకవచ్చునని కొందఱందురు. తాను మాటలాడునపుడు నుడికారము లేకున్నను గడచును. సాదా మాటలతో చక్కగా మాటలాడువానిని ఎవరును తప్పుపట్టరు. కాని వినునపుడు అట్లు కాదు. ఎదుటివాడు ఏ మాట వాడవలెనో వినువాని చేతిలో లేదు. కావున వాడుట ఐచ్ఛికము, గ్రహించుట ఆవశ్యకము.

పరీక్షకు ముందు నూఱు నుడికారముల పట్టికను అర్థములతో కంఠస్థము చేసిన చాలునని మఱికొందఱందురు. పట్టికవలన కొంత మేలు లేకపోలేదు. కాని పట్టికలో మాట యుండును. దానిని ఎవరు, ఎవరితో, ఎప్పుడు అందురో ఉండదు. భోరున కురియు వానను ఇంగ్లీషున "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అందురని తరతరముల విద్యార్థులు వల్లించిరి. నేటి ఇంగ్లండున వాన కురియునపుడు ఆ మాటను పలుకువారు అరుదు. "పోరింగ్" అను సాదా మాటయే ఎక్కువగా వినబడును. పిల్లులను కుక్కలను వల్లించిన విద్యార్థి ఆ దేశమునకు పోయి, వాన కనబడగానే ఆ మాటను ఉత్సాహముగా పలికినచో, వినువారు నవ్వుకొందురు. ఆ నవ్వు ద్వేషముతో గూడినది కాదు. నిత్యసంభాషణమున ఎవడైన ప్రబంధభాషలో మజ్జిగ అడిగినచో తెలుగువారు నవ్వుటవంటిది.

మఱి విద్యార్థి చేయవలసినదేమి? మాట వింతగా తోచినపుడు మొదట సందర్భమును చూడవలెను. పలికినవాని ముఖము, కంఠస్వరము, అచటి పని, ముందు వెనుకల మాటలు, ఇవి యన్నియు అర్థమునకు దారి చూపును. వానలో తడిసి వణకుచు వచ్చినవాడు పిల్లుల మాట యెత్తినచో ఆతడు పిల్లులను గూర్చి చెప్పుటలేదని తెలియుటకు నిఘంటువు అక్కఱలేదు. సందర్భము చాలనపుడు అడుగవలెను. ఇంటికి వచ్చిన పిదప ఆ మాటను ఒంటరిగా గాక, వాక్యముతో గూడ వ్రాసికొనవలెను. పలికినవారెవరో, ఏ సమయమున పలికిరో దాని ప్రక్కన గుఱుతు పెట్టవలెను. ఒక మాటను ఒక్కసారి విని వెంటనే వాడరాదు. నలుగురి నోట నాలుగు సందర్భములలో విన్న పిదప అది దానంతట అదియే నాలుకపైకి వచ్చును. అరువు తెచ్చుకొన్న అంగీ ఒంటికి సరిపడినదో లేదో చూచుకొని గదా సభకు పోవలెను.

పరభాషను ఇట్లు జనుల నోటనుండి నేర్చిన పెద్దలు తెలుగునాట కలరు. 1817వ సంవత్సరమున మద్రాసులో ఉద్యోగమున చేరిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు నేర్వదలచి, వ్యాకరణములతో తృప్తి చెందలేదు. కడపలో తన యొద్ద పండితులను చేర్చుకొని, వేతనములిచ్చి, తెలియనిదెల్ల అడిగి తెలిసికొనెను. 1852వ సంవత్సరమున ప్రకటితమైన ఆతని తెలుగు ఇంగ్లీషు నిఘంటువునందు గ్రంథములలోని మాటలతోపాటు వాడుకలోని మాటలకును చోటు కలిగినది. పాలకుల జాతివాడనను బింకముతో ఆతడు తల యూపి ఊరకున్నచో ఆ నిఘంటువు పుట్టెడిది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి సవరభాష నేర్చుకొనదలచినపుడు ఆతనికి వ్యాకరణమును లేదు, నిఘంటువును లేదు. ఆ భాష తెలిసినవానిని ఇంట పెట్టుకొని, సవరలతో మాటలాడి, వారి నోటనుండియే నేర్చెను. పిదప ఆ భాషకు వ్యాకరణమును 1931లోను, నిఘంటువును 1938లోను తానే వెలువరించెను. చదువుకొన్న పట్టణవాసి అడవిలోని సవరను అడిగి నేర్చుకొనుట ఆనాడు పలువురికి చిన్నతనముగా తోచియుండవచ్చును. ఆతనికి మాత్రమట్లు తోచలేదు. భాష ఎవరిదో వారే దానికి గురువులని ఆతడెఱుగును.

నేడు తెలుగు బిడ్డలు చదువునకును కొలువునకును దూరదేశములకు పోవుచున్నారు. పోవనివారికిని ఇంగ్లీషు సంభాషణము ఫోనులోను, చలనచిత్రములోను, కార్యాలయములోను నిత్యము వినబడుచునే యున్నది. పరభాషా నుడికారమును గ్రహించుటకు వారియొద్ద ఒక సాధనము పుట్టుకతోనే యున్నది. అదియే సొంత భాషయందలి నుడికారము. "బియ్యము నిండుకొన్నవి" అను మాటలోని సొగసును ఎఱిగినవాడు, పదమొకటి చెప్పుచుండగా భావమొకటి కావచ్చునని ఎఱుగును. "బ్రేక్ ఎ లెగ్" విన్నపుడు ఆతడు ఉలికిపడడు. దీని వెనుక ఏదో యున్నదని ఆగి ఆలోచించును. ఇంట ఆ మాటలు వినక, మాతృభాషను పాఠ్యపుస్తకముననే చూచిన బాలునికి ఈ ఎఱుక కలుగుట కష్టము. ఆతనికి రెండు భాషలును నిఘంటువు భాషలే యగును. కావున అవ్వ యొద్ద కూర్చుండి ఆమె పలుకుబళ్లను వినుట ఇంగ్లీషు చదువునకు ఆటంకము కాదు. అది ఆ చదువునకు మొదటి పాఠము.

దూరదేశమున తలుపు తెఱచుకొని కూర్చున్న ఆ యువకునికి కావలసినది మఱియొక వ్యాకరణ గ్రంథము కాదు. తన తల్లిదండ్రుల వాకిట అతిథులు "పోయి వచ్చెదను" అని చెప్పిపోవుట ఆతడు వందసార్లు వినియున్నాడు. ఆ మాట ఆ రాత్రి ఆతనికి గుఱుతునకు వచ్చినచో చాలును. ఆతడు చిఱునవ్వు నవ్వి తలుపు వేసికొనును. మఱునాడు ఆ మిత్రుని చూచినపుడు మనసున కోపముండదు.